వాకిట్లో వీసా

"ఇక మీదట మన జిల్లా పిల్లలు వీసా కోసం ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. వీసాయే వాళ్ల వాకిట్లోకి నడిచి వస్తుంది" అని గిడ్డంగుల శాఖ మంత్రి గారు గజపతినగరంలో ప్రకటించిన రోజున నేను ముందు వరసలోనే ఉన్నాను. అది విలేకరుల వరస. ఆ మాట వినగానే చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. విలేకరులు చప్పట్లు కొట్టకూడదని ఎక్కడో రూలుందట గాని, అది మా మండలం దాకా రాలేదు.

గిడ్డంగుల మంత్రికీ వీసాలకీ సంబంధం ఏమిటని గిట్టనివాళ్లు కొందరు గొణిగారు. మంత్రి గారు రాసిచ్చిన కాగితం పక్కన పెట్టి అక్కడికక్కడే జవాబు చెప్పారు.

"గిడ్డంగంటే ఏటి? సరుకు నిలవుండే సోటు. మన పిల్లలు డిగ్రీలు సేసి ఇంటికాడ నిలవుండిపోనారు. నిలవ సరుకుని బయటికి పంపడం నా శాఖ పని కాదా?"

ఇంత సూటిగా ఆలోచించే నాయకుణ్ణి నా పదమూడేళ్ల సర్వీసులో చూడలేదు. అదే రాశాను. మా జిల్లా ఎడిషన్‌లో రెండో పేజీలో మూడు కాలమ్‌ల వార్తగా వచ్చింది.

పథకం పేరు 'వాకిట్లో వీసా'. దాని కేంద్రం పాత ఎరువుల గోడౌన్‌లో పెట్టారు. గోడలకి సున్నం వేశారు గాని యూరియా వాసన పోలేదు. బయట బోర్డు మీద ఐదు దేశాల జెండాలు వేయించారు. పెయింటర్‌కి ఐర్లాండ్ జెండా తెలియక మన జెండానే నిలువుగా తిప్పి వేశాడు. చాలావరకు సరిపోయిందని తర్వాత తెలిసింది.

దరఖాస్తు ఫారం నాలుగు పేజీలు. నివాస ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు, పొలం ఉంటే పాసుపుస్తకం, లేకపోతే లేదన్న పత్రం, అన్నిటికంటే పైన మండల పార్టీ అధ్యక్షులు నరసింగరావు గారి సిఫార్సు లేఖ. పాస్‌పోర్టు ఉందా అన్న గడి మాత్రం లేదు. దాన్ని మంత్రి గారి ఓఎస్‌డీ జగన్నాధం గారి దృష్టికి తెచ్చాను. "ముందే అన్నీ అడిగితే జనం భయపడతారు" అన్నారాయన. జనం కష్టం తెలిసిన అధికారి.

కౌన్సెలింగ్ బాధ్యత కూడా నరసింగరావు గారే తీసుకున్నారు. నేను కళ్లారా చూసిన కౌన్సెలింగ్ ఒకటి చెబుతాను.

"అన్నా, ఇంగ్లాండ్ అయితే సదువయ్యాక ఎన్నాళ్లు పని సేసుకోనిస్తారు?" అని ఒక కుర్రాడు అడిగాడు.

"నీకెన్నాళ్లు కావాలి?"

"అంటే... రూలెంతో సెప్తే..."

"రూలు సంగతి నీకెందుకురా? ఎన్నాళ్లు కావాలో సెప్పు, రాసీస్తాను."

కుర్రాడు ఆలోచించి పదేళ్లు కావాలన్నాడు. నరసింగరావు గారు లెటర్‌హెడ్ తీసి, 'ఇంగ్లాండ్ ఎంబసీ వారికి నమస్కారములు. ఇతను మన మనిషి. చదువు అయిన తర్వాత పది సంవత్సరములు ఉండనివ్వగలరు' అని రాసి రబ్బరు స్టాంపు వేశారు. ఇక్కడ బోరు బావి దగ్గర్నుంచి బదిలీ దాకా ఆ లెటర్‌హెడ్ మీదే నడుస్తుంది. మూడు నెలల్లో అలాంటి లేఖలు నాలుగు వందల పన్నెండు ఢిల్లీకి వెళ్లాయి. ఒక్కదానికీ జవాబు రాలేదు. "రాలేదంటే కాదన్లేదు గదా" అన్నారు నరసింగరావు గారు. అవి పరిశీలనలో ఉన్నట్టు నేను రాశాను.

ఈ లోగా మా పక్క ఊళ్లో ఒక పొరపాటు జరిగిపోయింది. గోవిందు అనే రైతు కూతురు నీలవేణికి నిజంగానే వీసా వచ్చేసింది.

ఆ అమ్మాయి ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసింది. ఏ దేశంలో ఎంత చదువు, ఎంత ఫీజు, చదువు పూర్తయ్యాక ఎన్నాళ్లు ఉద్యోగం చేసుకోనిస్తారు అన్నీ ఫోన్‌లోనే చదువుకుని, రూళ్లు గీసిన నోట్‌బుక్‌లో పక్కపక్కన రాసుకుంది. ఐర్లాండ్‌లో ఏడాది చదువు, ఆ తర్వాత రెండేళ్లు పని చేసుకునే వీలు ఉన్నాయని తేల్చుకుంది. ఆహార శాస్త్రంలో సీటు, ఫీజులో సగం స్కాలర్‌షిప్పు తెచ్చుకుంది. విశాఖపట్నం వెళ్లి కాగితాలు తనే ఇచ్చుకుంది. ఎవరి సిఫార్సూ లేదు. కొరియర్‌లో పాస్‌పోర్టు వచ్చిన రోజున తండ్రి గోవిందు వీసా అంటించిన పేజీని ఊరందరికీ చూపించాడు. నాకూ చూపించాడు.

నేను ఆ సంగతి నరసింగరావు గారికి చెప్పాను. నా మండలం నుంచి ఒక మంచి వార్త వస్తుందనీ, ఆయన ఒక అరపేజీ ప్రకటన ఇస్తారనీ ఆశ. ఈ కథలో నా పాత్ర ఇదే. ఆ రోజు నోరు మూసుకుని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

గంటలో నరసింగరావు గారు గోవిందు ఇంట్లో ఉన్నారు. వెనకాల నేను.

"ఒసే నీలవేణీ, వీసా వచ్చిందట. మావకి సెప్పొద్దా?"

"నిన్ననే వచ్చింది మావా."

"మన సెంటర్ పెట్టి ఎన్నాళ్లయింది?"

"మూడు నెల్లు."

"సూసినావా? సెంటర్ పెట్టినాకే వచ్చింది."

"నాను సెంటర్‌కి రాలేదు మావా."

"నువ్వు రాపోతే ఏటి? అది నీకోసమే ఉన్నాది గదా. ఆ పాస్‌పోర్ట్ ఇలగియ్యి. మంత్రి గారు స్టేజీ మీద నీకిస్తారు."

లోపల్నుంచి తల్లి దానమ్మ వచ్చింది. "పిల్ల సేతికి వచ్చీసింది గదా బాబూ. మళ్లీ ఇవ్వడమేటి?"

"మీ అత్తకి పింఛను వస్తాదా? ఊరికినే వస్తాది. అయినా మంత్రి గారు తన సేత్తో ఇచ్చిన నాడు గదా ఫొటో తీసినారు, అదే గదా గోడకి కట్టుకున్నారు? కుట్టుమిషన్లు, స్ప్రేయర్లు, పట్టాలు... మన కాడ ఏదైనా స్టేజీ ఎక్కి తీసుకుంటేనే తీసుకున్నట్టు."

దానమ్మ గోడ మీది ఫొటో వైపు చూసింది. ఆ మాటలో అబద్ధం ఏమీ లేదు. నీలవేణి మాత్రం పాస్‌పోర్టు వెనక్కి పెట్టుకుంది. అప్పుడు నరసింగరావు గారు గోవిందు వైపు తిరిగి, పాసుపుస్తకంలో పేరు తప్పు పడింది, దిద్దించాలన్నావు కదా, ఎంతవరకు వచ్చింది అని చాలా ఆప్యాయంగా అడిగారు.

గోవిందు కూతురి వైపు తిరిగాడు. "ఇచ్చీ తల్లీ. రెండ్రోజులే గదా" అన్నాడు.

ఆమె పాస్‌పోర్టు గోడౌన్ కేంద్రంలోని బీరువాలోకి వెళ్లింది. బీరువా తాళం జగన్నాధం గారి దగ్గర ఉంటుంది. జగన్నాధం గారు మంత్రి గారి దగ్గర ఉంటారు. మంత్రి గారు ఎక్కడుంటారో భద్రతా కారణాల వల్ల చెప్పరు.

సెప్టెంబరు రెండో తారీఖున అనుకున్న సభ, మంత్రి గారికి ఢిల్లీలో పని పడి ఐదుకి మారింది. ఐదున వర్షం. ఎనిమిది నుంచి పితృపక్షాలు. నీలవేణి రోజూ బస్సెక్కి గోడౌన్‌కి వచ్చి బల్ల మీద కూర్చునేది. ఇరవయ్యారో తారీఖు లోపల కాలేజీలో చేరకపోతే సీటు పోతుంది. టికెట్ ఇరవై మూడు సాయంత్రానికి ఉంది. ఈ రెండు తేదీలూ కేంద్రంలో స్వీపర్‌తో సహా అందరికీ నోటికి వచ్చేశాయి. ఒకరోజు జగన్నాధం గారు దొరికారు.

"సార్, పక్షాలు అయ్యేదాకా ఆగితే నా సీటు పోద్ది."

"పక్షాల్లో శుభకార్యం ఎలా చేస్తామమ్మా? నీ మంచికే."

"శుభకార్యం వద్దు సార్. ఊరికినే ఇచ్చీండి."

"ఊరికే ఇవ్వడానికి రూలు లేదమ్మా. ఒక పని చెయ్యి. కాలేజీ తేదీ మార్చమని ఒక అర్జీ రాయి. మేము ఫార్వర్డ్ చేస్తాం."

"అది నాది సార్. నా పాస్‌పోర్ట్."

"ఎవరు కాదన్నారు? అందుకే గదా నీకే ఇస్తున్నాం" అన్నారు జగన్నాధం గారు. ఆయన సహనం చూసి నేను ముగ్ధుణ్ణయ్యాను.

చివరికి ఇరవై మూడో తారీఖు పొద్దున పది గంటలకి ముహూర్తం కుదిరింది. మంత్రి గారు ఒంటి గంటన్నరకి వచ్చారు. వేదిక మీద ఇరవై ఐదుగురు లబ్ధిదారులు. పాస్‌పోర్టు ఒకటే కాబట్టి మిగతా ఇరవై నాలుగు కవర్లలో పథకం కరపత్రాలు పెట్టారు. ఇరవై ఐదుమంది దొరకడం కష్టమై పక్కనున్న బ్యాంకు దగ్గర్నుంచి కొందరిని తెచ్చి కూర్చోబెట్టారు. వాళ్లలో ఒక ముసలమ్మ నన్ను పిలిచి, "బాబూ, ఐర్లాండులో పింఛను ఏ తారీకునిస్తారు?" అని అడిగింది. ఒకటో తారీఖునే అని చెప్పాను.

మంత్రి గారు నలభై నిమిషాలు మాట్లాడారు.

"సదువయ్యాక ఐర్లాండోళ్లు రెండేళ్లు ఉండనిస్తారట. రెండేళ్లేటి? నాను మాటాడతాను. ఐదు సేయిస్తాను. జర్మనీలో పద్దెనిమిది నెల్లట. ఆ లెక్కేటో! అది కూడా సమానం సేయిస్తాను. మన పిల్లలు ఎక్కడికెల్లినా ఎవుడూ పొమ్మనకూడదు."

నీలవేణి గడియారం చూసుకుంటోంది. వేదిక కింద గోవిందు, దానమ్మ రెండు పెట్టెలతో నిలబడి ఉన్నారు. పక్కన కారు ఇంజను ఆపకుండా పెట్టారు.

రెండూ ఇరవైకి ఆమె పేరు పిలిచారు. మంత్రి గారు కవరులోంచి పాస్‌పోర్టు తీసి ఆమె చేతిలో పెట్టి కెమెరా వైపు నవ్వారు. ఒకసారి ఫ్లాష్ వెలగలేదు. ఇంకోసారి నరసింగరావు గారు ఫ్రేములోకి రాలేదు. మూడోసారి అన్నీ కుదిరాయి. ఆమె దిగబోతుంటే జగన్నాధం గారు చెయ్యి చాపారు.

"ఇలా ఇచ్చెయ్యమ్మా. ఎల్లుండి విజయనగరంలో జిల్లా స్థాయి పంపిణీ ఉంది. అక్కడ మళ్లీ ఇస్తారు."

"ఇవ్వను."

"ఎల్లుండేనమ్మా."

"సార్, నాకు విమానం ఉన్నాది. నానివ్వను."

మంత్రి గారి చెయ్యి ఇంకా పాస్‌పోర్టు మీదే ఉంది. ఫొటో అయిపోయిందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆమె తన వైపు లాగింది. అలవాటు కొద్దీ ఆయనా వదల్లేదు. వేదిక మీద కొన్ని సెకన్లు ఇద్దరూ అటూ ఇటూ ఊగారు. అప్పుడు నేను తీసిన ఫొటోయే మర్నాడు మా పేపర్లో వచ్చింది. 'విద్యార్థిని భవిష్యత్తును గట్టిగా పట్టుకున్న మంత్రి' అని కింద రాశాను. ఆ తర్వాత ఆమె ఒక్క గుంజు గుంజి, మెట్లు దిగి, కారెక్కేసింది. నేనూ ఎక్కాను.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. మాకు జిల్లా పేజీ సాయంత్రం ఐదుకల్లా అయిపోతుంది. జరగబోయేది జరిగినట్టు ముందే రాసి పంపడం మా పనిలో మామూలు. అందుకని కార్లోనే ఫోన్‌లో వార్త కొట్టి పంపేశాను. 'వాకిట్లో వీసా పథకం తొలి లబ్ధిదారు నీలవేణి మంగళవారం ఐర్లాండ్‌కు బయలుదేరి వెళ్లారు. మంత్రి గారి చలవతోనే తన కల నెరవేరిందని విమానం ఎక్కుతూ ఆమె ఆనందబాష్పాలు రాల్చారు.' పక్కన నీలవేణి బొత్తిగా రాల్చడం లేదు. మూసిన పాస్‌పోర్టు రెండు చేతుల్లో బిగించి పట్టుకుని కిలోమీటరు రాళ్లు లెక్కపెడుతోంది.

విశాఖపట్నం విమానాశ్రయానికి టైముకే చేరాం. లోపలికి వెళ్లి కౌంటర్ దగ్గర పాస్‌పోర్టు ఇచ్చింది. అద్దం ఇవతల్నుంచి మేం చూస్తున్నాం. కౌంటర్‌లో అమ్మాయి పేజీలు తిప్పి ఒక చోట ఆగింది. పక్క అబ్బాయిని పిలిచింది. వాడు ఇంకొకాయన్ని పిలిచాడు. అరగంట తర్వాత నీలవేణి పెట్టెలు తోసుకుంటూ బయటికి వచ్చి, ఆ పేజీ తెరిచి మాకు చూపించింది.

వీసా ఉండాల్సిన చోట మంత్రి గారు నవ్వుతున్నారు. కింద 'వాకిట్లో వీసా' అని రంగు అక్షరాలు. అరచెయ్యంత స్టిక్కరు.

"ఈయనెవరు అనడిగినారు. మా మంత్రి గారన్నాను. ఈయన కింద ఏటుంది అనడిగినారు. నా వీసా అన్నాను" అంది నీలవేణి.

ఒక మూల పీకి చూశారట. వీసా పొర కూడా కలిసి వచ్చేసింది. గమ్ము మంచిది.

నేను జగన్నాధం గారికి ఫోన్ చేశాను. ఆయన ఏ మాత్రం తడబడలేదు. "ప్రతి లబ్ధి మీదా మంత్రి గారి ఫొటో ఉండాలని సర్క్యులర్ ఉంది కామేష్ గారూ. అట్ట మీద అతికిద్దామంటే అక్కడ మూడు సింహాలున్నాయి. జాతీయ చిహ్నం మీద అతికిస్తే నేరం. మేము చట్టం దాటం. అందుకని లోపల, లబ్ధి ఏ పేజీలో ఉందో ఆ పేజీలోనే అతికించాం."

దానమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. గోవిందు పెట్టె మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు. "నానే ఇచ్చీమన్నాను" అని రెండుసార్లు అన్నాడు. ఆఫీసుకి ఫోన్ చేసి నా వార్త ఆపమన్నాను. పేజీ వెళ్లిపోయిందన్నారు. రేపు సవరణ వేయమన్నాను. మంత్రి గారి మీద వార్తకి సవరణా అని డెస్కులో నవ్వి పెట్టేశారు.

మర్నాడు గజపతినగరం కూడలిలో ఫ్లెక్సీ లేచింది. 'ఐర్లాండ్ చేరిన మా ఆడబిడ్డకు అభినందనలు.' వారం తిరక్కుండా రేషన్ కార్డులోంచి నీలవేణి పేరు తీసేశారు. విదేశాల్లో ఉన్నవాళ్లకి బియ్యం ఇవ్వకూడదు కదా. నరసింగరావు గారు నాతో కబురు పంపారు.

"ఆ పిల్లని బయట తిరగొద్దను. ఐర్లాండ్‌లో ఉన్న పిల్ల కిరాణా కొట్టు కాడ కనబడితే మంత్రి గారి పరువేటైపోద్ది? రెండేళ్లు ఉండనిస్తారన్నారు గదా. ఆ రెండేళ్లూ జాగ్రత్తగా ఇంట్లో ఉండమను."

నీలవేణి ఆ మాట లెక్కచేయలేదు. బజారుకి వెళ్లింది. దారిలో జనం ఆగి, "ఎప్పుడొచ్చినావమ్మా? అక్కడ సలి ఎక్కువా?" అని అడిగారు. ఇక్కడే ఉన్నానంటే సర్లే అని నవ్వి వెళ్లిపోయారు. పేపర్లో చూసినవాళ్లు వాళ్లంతా.

అయినా పిల్ల మొండిది. కాలేజీకి ఉత్తరాలు రాసి, జరిగింది చెప్పి, సీటు జనవరి బ్యాచ్‌కి మార్పించుకుంది. నవంబరు ఆఖరుకి కొత్త పాస్‌పోర్టు చేతిలో ఉంటే మళ్లీ వీసాకి పెట్టుకోవచ్చు. పాడైన పాస్‌పోర్టు బదులు కొత్తది ఇమ్మని దరఖాస్తు చేసింది. దానికిక పోలీసు విచారణ ఒక్కటే మిగిలింది.

నవంబరు పదహారున కానిస్టేబుల్ త్రినాథ్ గారు వాళ్లింటికి వచ్చారు. చుట్టుపక్కల ఒకరి సంతకం కావాలంటే గోవిందు నాకు కబురు చేశాడు. వెళ్లాను. త్రినాథ్ గారు అరుగు మీద కూర్చుని ఫైలు విప్పి ఉన్నారు. ఎదురుగా నీలవేణి నిలబడి ఉంది.

"సార్, నానే నీలవేణిని. ఆధార్ సూడండి. ఫొటో సూడండి."

"సూసేను తల్లీ. నువ్వే. నానెప్పుడు కాదన్నాను?"

"మరి రాయండి, ఇంటికాడే ఉన్నాదని."

"అదెలగ రాయను? నువ్వు ఐర్లాండ్‌లో ఉన్నావని మంత్రి గారు సెప్పినారు. కూడలిలో రాసున్నాది. రేషన్ కార్డులో తీసేసినారు. పేపర్లో ఫొటోతో వచ్చింది. ఇన్ని ఉండగా నువ్విక్కడున్నావని నానొక్కణ్ణీ రాస్తే, పై ఆఫీసరు నన్నడగడా? ఏటయ్యా త్రినాథూ, మంత్రి గారు అబద్ధమా, నువ్వు అబద్ధమా అని?"

"నా సీటు పోద్ది సార్. ఇంకో రెండు వారాలే ఉన్నాది."

త్రినాథ్ గారు మంచి మనిషి. ఆయనకీ ఇబ్బందిగానే ఉంది. ఫైలులోంచి మా పేపరు కత్తిరింపు తీసి నాకు చూపించారు.

"కామేష్ గారూ, ఇది రాసింది మీరే గదా? ఇది తప్పని ఒక్క ముక్క రాసిచ్చీండి. దాన్ని పెట్టుకుని ఇంటికాడే ఉన్నాదని నాను రాసీస్తాను."

గోవిందు నా వైపు చూశాడు. దానమ్మ గుమ్మంలోంచి చూసింది. నీలవేణి మాత్రం చూడలేదు. లోపలికి వెళ్లి మా ఇద్దరికీ టీ తెచ్చింది. నేను మా జిల్లా ఆఫీసు గురించీ, నరసింగరావు గారి గురించీ, పదమూడేళ్ల సర్వీసు గురించీ ఆలోచించాను. పదమూడేళ్లలో నా వార్త ఒక్కదానికీ సవరణ పడలేదు. ఆ మాటే త్రినాథ్ గారికి చెప్పాను.

ఆయన అర్థమైనట్టు తలూపారు. టీ చివరిదాకా తాగి, బాగుందమ్మా అని కప్పు నీలవేణి చేతికి ఇచ్చి, పెన్ను తీసుకుని, 'అభ్యర్థి సదరు చిరునామాలో లేరు' అని రాశారు. కింద నన్ను సంతకం పెట్టమన్నారు.

సిగ్గేసింది. పెట్టాను. పేరు పక్కన విలేకరి అని కూడా రాయమన్నారు. అలా ఉంటే పై ఆఫీసులో నమ్ముతారట.